గోదాం కెమెరా మీద జాకెట్టు ముక్క

"మేడం, అక్క నన్ను పిలిచిందా?"

లాకప్పులో ఉన్న మనిషి అడిగే మొదటి ప్రశ్న ఇది కాదు. బెయిలు ఎప్పుడొస్తుందని అడుగుతారు, పిల్లలు తిన్నారా అని అడుగుతారు, కొందరు గడుసువాళ్లు నా ఫీజెంతని కూడా అడుగుతారు. అనసూయ మాత్రం గోడకు ఆనుకుని, నా మొహం చూడకుండా, చచ్చిపోయిన మనిషి తనను పిలిచిందా అని అడిగింది.

నా పేరు సుకన్య. హన్మకొండలో ఒక జిరాక్సు సెంటరు పైన నా డిటెక్టివ్ ఏజెన్సీ ఉంది. పేరు గొప్పే గానీ, నాకు వచ్చే పని చాలావరకు పెళ్లి సంబంధాల ఆరా. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు వెనక ఏమైనా కథ ఉందా, ఇంతే. నిన్న రాత్రి దీప అనే టీచరమ్మాయి వచ్చి నా బల్ల ముందు నిలబడి, "మా అమ్మ ఎవర్నీ చంపలె మేడం, రేపు సాయంత్రం కోర్టుకు తీస్కపోతరంట" అని చెప్పి, ఆ తర్వాత ఏడ్చింది. అందుకే పొద్దున్నే స్టేషనుకు వచ్చాను. నాకున్నది ఈ ఒక్క పగలు.

కేసు అందరికీ తెలిసిందే. వరంగల్ బజారులో చంద్రమౌళి సేటు బట్టల దుకాణం. కింద గల్లా, మామూలు చీరలు. మొదటి అంతస్తులో పట్టుచీరలు. రెండో అంతస్తులో గోదాం. దుకాణం పేరుకు సేటుదే అయినా నడిపేది ఆయన భార్య శకుంతల. మూడు రోజుల కింద, పొద్దుటి పూట, ఆమె గోదాంలో తలకు దెబ్బ తగిలి చనిపోయింది. పక్కనే బట్ట కొలిచే ఇనుప గజంబద్ద, రక్తం అంటి ఉంది. గోదాం కెమెరా మీద జాకెట్టు ముక్క కప్పి ఉంది. ఆ ముక్క కప్పింది పదిహేనేళ్లుగా ఆ దుకాణంలో చీరలు చూపించే అనసూయ.

"నువ్వే కప్పావని ఒప్పుకున్నావట?"

"నేనే కప్పిన మేడం. రోజూ నేనే కప్పుత."

"రోజూనా?"

"మాకు యూనిఫాం చీర ఉంటది గద. పొద్దుగాల అచ్చినంక గోదాంలనే మార్చుకుంటం. వేరే రూము యాడిది? కెమెరా పెట్టినంక ఆడపిల్లలు ఏడ్సిండ్రు. అప్పుడు శకుంతలక్కనే చెప్పింది, మార్చుకునేటప్పుడు ఒక జాకెట్టు ముక్క కప్పుండ్రి, అయినంక తీసేయుండ్రి, సేటుకు మాత్రం చెప్పకుండ్రి అని. ఆఖరుకు దిగేది నేనే. నేనే తీస్త."

"ఆ రోజు తీయలేదు."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. "తీయబోయిన. కిందికెల్లి అక్క కేకేసింది. పెండ్లి బట్టలకు మంది అచ్చిండ్రు, బోణీ బేరం, జల్ది రా అని. బోణీ బేరం చెడితే ఆ దినమంత అక్క మనసు మంచిగుండది. ఉరికిన. గుడ్డ మర్సిన. నేను పట్టుచీరలు పరిచి కూసున్నంక, ఇంక రెండు మూటలు చూస్తనని అక్క పైకి పోయింది."

"మధ్యలో నువ్వు మెట్లెక్కావని చెబుతున్నారు."

"మొదటి అంతస్తుకే. పట్టుచీరలు ఆడనే ఉంటయి గద. పైకి పోలె. బేరమైనంక, అక్క చాయ్ తాగలేదని యాదికచ్చి, చాయ్ పట్టుకొని పోయిన. అప్పుడు చూసిన. డాక్టరు చెప్పిండట గద, దెబ్బ తగిలినంక గంటసేపు బతికే ఉన్నదని. జల్ది తెస్తే బతుకునని. పిలిచే ఉంటది మేడం. ఏం కావాల్నన్నా నన్నే పిలిచేది. కింద నేను పెండ్లోళ్లతోని నవ్వుకుంట బేరమాడుతాన. నాకు ఇనబడలె."

"ముందు రోజు ఆమె నిన్ను గిరాకీల ముందు తిట్టిందట?"

"తిట్టింది. పదిహేనేండ్ల సంది తిడతాంది. సాయంత్రం సర్వపిండి తెచ్చి, నేను తినేదాంక పక్కన్నే కూసున్నది."

ఆ మాట అంటూనే ఏడ్చింది. నేరస్తులు ఏడవడం చాలాసార్లు చూశాను. వాళ్లు తమ కోసం ఏడుస్తారు. ఈమె ఏడుపులో తన గురించిన మాట ఒక్కటీ లేదు. అయినా అది కోర్టులో సాక్ష్యం కాదు గదా.

"ఆ గుడ్డ తీసుంటే ఎవరో ఒకరు చూసెటోళ్లు," అంది. "సేటు ఫోన్ల చూసెటోడు. నా చేతులతోనే అయింది మేడం."

ఈ మాటే నిన్న సర్కిల్ ఇన్స్‌పెక్టరు రాజేశ్వర్ రావు ముందు కూడా అందట. ఆయన దాన్ని ఎట్లా రాసుకున్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

*

దుకాణం షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల రాజేశ్వర్ రావు గల్లా దగ్గర కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే ఆయన మీసం కింద నవ్వు మొలిచింది.

"రాండ్రి సుకన్య మేడం. ఇక్కడ ఎవరి సంబంధం చూస్తాండ్రు? పిల్లవాడు మంచోడేనా?"

"పిల్లవాడి సంగతి తెలియదు గానీ, కేసు చేసిన పెద్దమనిషికి చూపు ఆనడం లేదని అంటున్నారు. ఆరా తీద్దామని వచ్చాను."

నవ్వు పోయింది. "ఇగో మేడం. గొడవ ఉన్నది, గుడ్డ ఉన్నది, బద్ద ఉన్నది, చేసిన మనిషి నోటితోని చెప్పింది. ఇంకేం కావాలె మీకు?"

"గోదాం చూడాలి. ఇంట్లో వాళ్లతో మాట్లాడాలి."

"అర్ధగంట. మీరు ఓడిపోయేది చూద్దామనే ఇస్తాన. తర్వాత సీలేస్త."

పరుపు మీద ఒక మూల చంద్రమౌళి కూర్చున్నాడు. గడ్డం పెరిగింది, కళ్లు వాచాయి, చేతిలో ఫోను ఉంది. మూడో రోజు కర్మ ఇవాళే. ఇంటి నుంచి ఎవరో ఒకరు ఫోను చేస్తూనే ఉన్నారు. నేను ఎదురుగా కూర్చునేలోపే మళ్లీ మోగింది.

"ఆఁ... జర ఆగుండ్రి, అస్తాన," అని పెట్టేశాడు. "అడుగమ్మా."

"ఆ సమయంలో మీరెక్కడ ఉన్నారు?"

"ఇంట్ల. పూజల కూసున్న. పదకొండున్నర దాటినంక దుకాణం పోరగాళ్లు ఫోన్ చేసిండ్రు, అప్పుడు ఉరికచ్చిన."

"పూజలో ఫోను పక్కన పెట్టుకుంటారా?"

"సైలెంటుల పెట్టి బయట పెడత."

"కెమెరాలు ఫోన్లో చూసే అలవాటుందా?"

"నాకు గవన్నీ తెల్వదమ్మా. గదంత మా మేనల్లుడు నిఖిల్ పెట్టిండు. శకుంతలనే కోరి పెట్టిచ్చుకున్నది." వాచిన కళ్లు తుడుచుకున్నాడు. "నేను వద్దనే అన్న. గోదాంకు కెమెరా ఎందుకు, దొంగ రెండు అంతస్తులు ఎక్కి చీరల మూట మోసుకపోతడా అన్న. వినలె."

ఫోను మళ్లీ మోగింది. "ఆఁ, జర ఆగు, అస్తాన," అన్నాడు అదే గొంతుతో, ఎవరన్నది చూసుకోకుండానే. ఆ దుఃఖం నిజమైందే. అందులో నాకు అనుమానం లేదు. కానీ అనసూయ పేరు ఎత్తగానే ఆయన చూపు నేల మీదికి పోయింది. కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. భార్యను చంపిందని లోపల వేసిన మనిషిని ఒక్క తిట్టు తిట్టలేదు. నేను ఆ మాట మనసులో పెట్టుకుని లేచాను.

*

గోదాంలోకి నిఖిల్ తీసుకుపోయాడు. ముప్పై ఏళ్లుంటాయి. చౌరస్తా దగ్గర కెమెరాల దుకాణం. ఈ దుకాణానికి ఏ కెమెరాలు కావాలో చూసి, తెచ్చి, బిగించింది అతనే. మా వెనకే రాజేశ్వర్ రావు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"మొత్తం ఎన్ని కెమెరాలు?"

"ఎనిమిది మేడం. గల్లా మీద ఒకటి, దర్వాజ మీద ఒకటి, కింది కౌంటర్ల మీద అయిదు, ఇది ఆఖరిది." మెట్ల మీద కెమెరా లేదు. ఉంటే ఈ కేసు ఒక్క పూటలో తేలేది. "మెట్లకు కూడ పెడ్తనన్న. మామ వద్దన్నడు, గంతగనం ఎందుకని."

గది నిండా ఇనుప ర్యాకులు, మూటలు. నడుమ ఒక ఇనుప నిచ్చెన ఇంకా గోడకు ఆనించే ఉంది. వంగి చూశాను. ఒక కాలుకు రబ్బరు తొడుగు ఉంది, ఇంకోదానికి లేదు. ఆ కాలు నేల మీద గీసిన గీత బండ మీద తెల్లగా కనిపిస్తోంది. గీత పక్కనే ర్యాకు అంచుకు ముదురు మరక.

"జారిపడ్డది," అన్నాను.

"జారలె, తోసింది," అన్నాడు రాజేశ్వర్ రావు. "పడ్డంక బద్దతోని కొట్టింది. కొట్టి ఈడ్సింది. ఇగో, ఈడ్సిన జాడ."

నిచ్చెన దగ్గర నుంచి గది నడిమి స్తంభం దాకా ఎండిపోయిన జాడ ఉంది. ఆమె దొరికింది ఆ స్తంభం కిందే. ఈడ్చేవాడు మనిషిని మూటల వెనక్కో, తలుపు దగ్గరికో ఈడుస్తాడు. గది మధ్యలో, ఎవరు తలుపు తీసినా కనబడే స్తంభం కిందికి ఎవరు ఈడుస్తారు?

తలెత్తి చూశాను. ఆ స్తంభానికే కెమెరా ఉంది.

అప్పుడు నాకు వింతగా అనిపించింది. కింద నేను చూసిన కెమెరాలన్నీ కప్పు మూలల్లో, చేతికి అందకుండా ఉన్నాయి. ఇది మాత్రం నా మొహానికి సరిగ్గా ఎదురుగా ఉంది. ఇంత కింద ఉంది కాబట్టే ఆడవాళ్లు తేలిగ్గా గుడ్డ కప్పగలిగారు.

"నిఖిల్, ఇదొక్కటే ఇంత కింద ఎందుకు బిగించావు? దొంగ చేత్తో తిప్పేయడా?"

"నేను గదే చెప్పిన మేడం. అత్త వినలె. ఇది దొంగల కోసం కాదురా, నా మోకాళ్ల కోసం అన్నది."

"మోకాళ్ల కోసమా?"

"రెండు అంతస్తులు ఎక్కి దిగుడు అత్తకు కష్టమైతుండె. చూసుడొక్కటే కాదు, మాట్లాడేటట్టు ఉండాలె అన్నది. గందుకే ఇది వేరే రకం తెచ్చిన. ఇగో, కింద గుండ్రంగ ఉన్నది బటను. నొక్కితే ఫోనుకు రింగైతది. ఎత్తితే ఇక్కడిది అక్కడ, అక్కడిది ఇక్కడ ఇనబడ్తది."

"ఎవరి ఫోనుకు?"

నిఖిల్‌కు అప్పుడే ఏదో అర్థమవుతున్నట్టుంది. రాజేశ్వర్ రావు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మామ ఫోనుకు," అన్నాడు. "రోజుకు పదిసార్లు పిలిచేది. మూట దించాలె రాండ్రి, గిరాకీ లెక్క చూడుండ్రి అని. మామ పరేశానయ్యేటోడు."

ఆ కెమెరాల సంగతి నాకేం తెలియదమ్మా అన్న మనిషి రెండు అంతస్తుల కింద కూర్చుని ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ వెంటనే భయం వేసింది, ఎందుకంటే ఇంక నేను ఏం తేల్చబోతున్నానో నాకు తెలుస్తోంది, అది తేల్చకపోతే బాగుండని కూడా ఉంది.

"సి.ఐ. గారూ, గజంబద్ద ఫోటో చూపించండి."

ఆయన ఫోను తీసి విసుగ్గా చూపించాడు. "చూడుండ్రి. రక్తం సాఫ్ కనబడుతాంది."

"ఎక్కడ కనబడుతోంది?"

"బద్ద మీద!"

"బద్ద మీద ఏ వైపు? కొలిచేటప్పుడు మనం పట్టుకునే వైపు. నాలుగు వేళ్ల గుర్తులున్నాయి. రెండో కొసకు రక్తమే లేదు. కొట్టిన బద్దకు కొట్టిన వైపు గదా అంటాలి రక్తం? రక్తం అంటిన చెయ్యి దీన్ని పట్టుకుంది. ఆ జాకెట్టు ముక్క ఫోటో ఉందా? బటను ఉండే చోట చూడండి."

ఆయన వేలితో ఫోటోను పెద్దది చేశాడు. మెరూన్ గుడ్డ మీద, సరిగ్గా బటనుకు ఎదురుగా, తుప్పు మరకలు మూడు నాలుగు. గుడ్డ లోపలికి గుచ్చుకున్నట్టు ముడతపడింది.

"ఆమెను ఎవరూ ఈడ్వలేదు," అన్నాను. "పాకింది. ఈ స్తంభం దాకా పాకింది. లేవలేకపోయింది. చేతికి దొరికిన బద్దతో, గుడ్డ మీద నుంచే, ఆ బటను నొక్కింది."

రాజేశ్వర్ రావు ఫోటోను మళ్లీ చిన్నది చేసి, పెద్దది చేసి చూశాడు. మొండివాడే గానీ మూర్ఖుడు కాదు.

"ఉత్త ఊహ," అన్నాడు చివరికి. "కెమెరాల ఏం లేదు. నేనే దగ్గర కూసోని చూసిన. ఆ పూటంత చీకటే."

"చూశారు. విన్నారా?"

"ఇనుడేంది?"

"నిఖిల్, ఇది మాటలు కూడా రికార్డు చేస్తుందా?"

"చేస్తది మేడం. మేం ఆపితేనే ఆగుతది. ఆపలె. కింద రికార్డరుకు కలిపిన టీవీకి స్పీకరు లేదు. గందుకే ఎవరికీ..."

*

గల్లా వెనక రికార్డరు పెట్టెకు నిఖిల్ తన దుకాణం నుంచి తెప్పించిన చిన్న స్పీకరు కలిపాడు. చంద్రమౌళి పరుపు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ ఆయనకు ఏమీ చెప్పలేదు. స్పీకరు చూడగానే ఆయన ముఖం మారింది.

"ఇది ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు. "కర్మకు పోవాలె. బాపనయ్య అచ్చి కూసున్నడు."

"అయిదు నిమిషాలు," అన్నాడు రాజేశ్వర్ రావు. మొదటిసారి ఆయన నా పక్షాన మాట్లాడాడు.

తెర మీద మెరూన్ రంగు చీకటి. అందులోంచి ముందు ఫ్యాను చప్పుడు వచ్చింది. తర్వాత ఆడవాళ్ల చీరల గరగర, అనసూయ గొంతు "అయిపోయిందా పిల్లా" అంటూ, పరుగెత్తిన అడుగులు. నిఖిల్ ముందుకు జరిపాడు. గాజుల చప్పుడు, నిచ్చెన కిర్రుమనడం. తర్వాత ఇనుము బండ మీద గీసుకున్న శబ్దం, ఏదో బరువుగా పడడం, పెట్టెలు దొర్లడం.

చాలాసేపు ఫ్యాను ఒక్కటే తిరిగింది.

"అనసూయా..."

ఆ గొంతు మేము అనుకున్నదానికంటే దగ్గరగా వచ్చింది. చంద్రమౌళి గల్లా బల్ల పట్టుకున్నాడు.

"అనసూయా... ఓ అనసూయా... జర పైకి రాయే..."

ఆ పిలుపు వెనకాల, కింది అంతస్తుల నుంచి, పెళ్లివాళ్ల నవ్వులు సన్నగా వినిపిస్తున్నాయి. ఆ నవ్వుల్లో బేరమాడుతున్న అనసూయ గొంతు కూడా ఉంది. నేను పోల్చుకోగలిగాను. పోల్చుకోకుండా ఉంటే బాగుండేది.

తర్వాత చీర బండ మీద ఈడ్చుకుంటున్న చప్పుడు. కొంచెం పాకడం, ఆగడం, మళ్లీ పాకడం. బద్ద స్తంభానికి తగిలి ఠంగుమంది. టిక్, టిక్. తప్పింది. మళ్లీ టిక్. ఫోను రింగవుతున్న సంగీతం.

"ఆఁ, చెప్పు."

చిన్న పెట్టెలోంచి వచ్చే గరగర గొంతు. అయినా ఆ గొంతును ఈ గదిలోనే అరగంట కింద విన్నాను. దాని వెనకాల గ్లాసుల చప్పుడు, ఎవరో "మూడు చాయ్, రెండు మస్కా" అని అరవడం. పూజగదిలో మస్కా బన్నులు అమ్మరు.

"ఏమండీ..."

"ఏంది, అంత చీకటి కొడుతాంది? ఏం కనబడ్తలేదు. కెమెరా ఖరాబైందా? ఆ నిఖిల్‌గానికి చెప్పు. మల్ల మూటలు దించాల్నా? నీకు పోరగాళ్లు లేరా కింద?"

ఆయన మాటల కింద, ఆయన మాటలతో పాటే, ఆమె గొంతు సన్నగా ఉంది. "పడ్డనండీ. లేవస్తలేదు. పడ్డ నేను."

"జర ఆగు, అస్తాన."

"సరే," అంది శకుంతల. "జల్ది రాండ్రి."

టుంగుమని కట్టయింది. మళ్లీ ఫ్యాను.

నిఖిల్ ఆపేశాడు. అతని కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఒకరు మాట్లాడుతాంటే ఇంకొకరిది పోదు దీంట్ల," అన్నాడు ఎవరితోనో. "ఫోన్ల మామకు అత్త మాట ఇనబడి ఉండది. రెండు దిక్కులా ఒకేసారి పొయ్యేది తెస్తనన్న. మామ గిది చాలన్నడు."

చంద్రమౌళి కూలబడిపోయాడు. "పడ్డనని చెప్పిందా?" అన్నాడు. "చెప్పిందా నాకు? చెప్పిందా?"

ఆయనకు ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. మూడు రోజులుగా ఆయన భార్య ఊరికే పిలిచిందనే అనుకున్నాడు. ఆ నమ్మకాన్ని కూడా మేం తీసేశాం.

"మరి పోయినవా?" అని అడిగాడు రాజేశ్వర్ రావు. పోలీసు గొంతుతో అడగలేదు.

"దోస్తులున్నరు. మాటలల్ల పడ్డ." అరచేతులతో మొహం కప్పుకున్నాడు. "మర్సిపోయిన. సార్, రోజు పదిసార్లు పిలుస్తది సార్. మర్సిపోయిన."

అనసూయ కూడా ఇదే మాట చెప్పింది. మర్సిన అని. ఒకరు మరిచిపోయి, ఆ తప్పును నెత్తిన పెట్టుకుని లాకప్పులో కూర్చున్నారు. ఇంకొకరు మరిచిపోయి, ఆ లాకప్పు తలుపు వేస్తుంటే నోరు మూసుకుని చూశారు. నాకు ఆయన మీద జాలి వేసింది. ఆ జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"అనసూయను తీసుకుపోతుంటే ఎట్లా చూస్తూ ఉన్నారు సేటూ?" అన్నాను. "పదిహేనేళ్లు మీ గల్లా ముందు నిలబడ్డ మనిషి."

"ఆమెనే చంపింది అనుకుంటే..." ఫోను తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎవరో చంపిండ్రు అనుకుంటే, నేను పోయినా పోకున్నా ఒక్కటే గద అమ్మా. గట్ల అనుకొని పండుకున్న మూడు రాత్రులు."

ఆయన చేతిలో ఫోను మోగింది. ఇంటి నుంచి. అలవాటుగా ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు. ఫోను పరుపు మీద పడేసి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అవతల ఎవరో "అన్నా, అన్నా" అని పిలుస్తూనే ఉన్నారు.

రాజేశ్వర్ రావు బయటికి నడిచి షట్టరు కింద నిలబడి స్టేషనుకు ఫోను చేశాడు. "ఆ అనసూయమ్మను కోర్టుకు తీస్కపోకుండ్రి. కుర్చీ ఇయ్యుండ్రి. ఏమన్న తింటదేమో అడుగుండ్రి." పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఈయన మీద ఏం కేసు పెట్టాలె మేడం? చెప్పుండ్రి. పెడత."

నాకు తెలియదని చెప్పాను.

*

స్టేషను వరండాలో అనసూయ కుర్చీ అంచున కూర్చుని ఉంది. దీప ఆమె భుజం పట్టుకుని నిలబడింది. విడిచిపెడుతున్నారని, ఎవరూ చంపలేదని, నిచ్చెన జారిందని, ఆ మాటలన్నీ కెమెరాలో వినబడ్డాయని దీపకు చెప్పాను. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని ఏమేమో అంది. అనసూయ కదల్లేదు.

"మేడం, అక్క నన్ను పిలిచిందా?"

అబద్ధం చెప్పడం నా వృత్తిలో భాగమే. పెళ్లికొడుకుల తల్లులకు చుట్టాన్నని చెబుతాను, మీటరు చూసే మనిషినని చెబుతాను. ఇంత సిద్ధంగా ఎప్పుడూ చెప్పలేదు.

"లేదు. సేటును పిలిచింది."

ఆమె ఊపిరి వదిలింది. మూడు రోజుల్లో మొదటిసారి వదిలినట్టుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మంచిగనే పిలిచింది," అంది. "అస్తనన్నడా సేటు?"

"వస్తానన్నాడు."

"గయితే నిమ్మళంగనే ఉండి ఉంటది. అస్తాండని తెలుసు గద." లేచి చీర సర్దుకుంది. ఇంకా ఆ యూనిఫాం చీరే. కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగింది. "మేడం, మీరు అక్క గొంతు ఇన్నరు గద. నాకొక్కసారి ఇనిపిస్తరా?"

నేను తల ఊపానో లేదో నాకు గుర్తులేదు. వెనకాల రాజేశ్వర్ రావు ఆ రికార్డింగు ఉన్న డబ్బాకు లక్క సీలు వేయిస్తున్నాడు. ఎల్లుండి అది కోర్టుకు పోతుంది. శకుంతల చావు మీద జరిగే విచారణలో మొదటి సాక్షిగా అనసూయనే పిలుస్తారు. అందరి ముందూ, మొదటి నుంచీ, వినిపిస్తారు.